ముక్కు చెప్పే మాట

గంధం పృథివి గుణమని మన తార్కికుల సిద్ధాంతం. తొలకరి జల్లుకు మేడ్చల్ చేలు, శామీర్‌పేట చెరువుగట్టు విడిచే మట్టివాసనే అందుకు నిదర్శనం. అయినా కంటికీ చెవికీ దక్కిన గౌరవం ముక్కుకు దక్కలేదు. 2020లో కోవిడ్ సోకి, పోపు మాడినా పసిగట్టలేకపోయినవారు దాని విలువ గ్రహించారు. ఆ జూన్‌లోనే కేంద్ర ఆరోగ్యశాఖ వాసన తెలియకపోవడాన్ని కోవిడ్ లక్షణాలలో చేర్చింది.

నాసికాకుహరం పైభాగాన ఘ్రాణనాడీకణాలున్నవి. గంధాన్ని పట్టే గ్రాహకాలు మనిషిలో సుమారు 400 రకాలు. వాటి రహస్యం విప్పిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ బహుమానం లభించింది. కోవిడ్ వైరస్ ప్రధానంగా దెబ్బతీసేది ఆ నాడీకణాలను కాదు, వాటికి అండగా నిలిచే ఆధారకణాలను. అందుచేతనే పలువురికి పోయిన వాసన తిరిగి వచ్చింది.

వైరస్ ప్రవేశద్వారం ముక్కే. కనుక అక్కడే కావలి పెట్టదలచి, శామీర్‌పేట చెంత జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ సంస్థ ముక్కులో చుక్కలుగా వేసే టీకాను తయారుచేసింది. అది 2023 జనవరి 26న విడుదలయింది. పోయిన వాసనను తెచ్చే మందు మాత్రం కాదది.

పార్కిన్సన్ వ్యాధిలో క్షీణించేవి నాడీకణాలే. చేతివణుకు కనబడడానికి ఏళ్ల ముందే పలువురిలో ఘ్రాణశక్తి సన్నగిల్లుతుంది. ఆల్జైమర్స్ వ్యాధిలోనూ ఈ సూచన తొలిదశలోనే కనిపించవచ్చు. జలుబువల్ల, వార్ధక్యంవల్ల కూడా వాసన తగ్గుతుంది గనుక వెంటనే బెంగపడనక్కరలేదు. అయితే, ఇంట్లో అమ్మమ్మ “కూరలో రుచి లేదు” అని నెలల తరబడి అంటూంటే, అది వంటను నిందించడం కాకపోవచ్చు. ఆ మాట వైద్యుని చెవిన వేయడం మనుమల ధర్మం.