పిడుదు పొట్టలో పేరులేని జీవి

పశువుల కొట్టంలో పెరిగినవాళ్లకు పిడుదు కొత్త కాదు. చెవి వెనకా, పొదుగు దగ్గరా పట్టుకుని, రక్తం తాగి ఆముదపు గింజలా ఉబ్బుతుంది. పశువులకు ఎర్రమూత్రం జబ్బు తెచ్చే బెబీసియా అనే క్రిమిని మోసేది ఇదేనని అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ 1893లోనే నిరూపించారు. సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ పొట్ట కోసి మలేరియా క్రిమిని చూసింది ఆ తర్వాత నాలుగేళ్లకు. పాడి నష్టం, మనిషి ప్రాణం ముడిపడి ఉన్నాయి కాబట్టి ఆ రెండూ త్వరగా తేలాయి. అడవి జంతువులను పట్టిన పిడుదుల వంతు చాలా ఆలస్యంగా వచ్చింది.

పశ్చిమ ఆస్ట్రేలియాలో గిల్బర్ట్ పొటొరూ అనే చిన్న సంచిజంతువు ఉంది, కంగారూకు దూరపు బంధువు. వందేళ్లకు పైగా జాడలేక, ఇక లేదనుకున్నాక 1994లో టూ పీపుల్స్ బే పొదల్లో మళ్లీ కనిపించింది. దాని రక్తంలో ఈదుతున్న, ట్రిపనోసోమా అనే ఒక ఏకకణ పరాన్నజీవిని మర్డాక్ విశ్వవిద్యాలయానికి చెందిన జిల్ ఆస్టెన్ బృందం పట్టుకుంది. క్వోకా అనే ఇంకో సంచిజంతువు రక్తంలోనూ అదే దొరికింది. 2009లో దానికి ట్రిపనోసోమా కోపెమాని అని పేరు పెట్టారు.

పేరు పెట్టడమంటే ఊరికే కాదు. రక్తపు పూతకు రంగు అద్ది, సూక్ష్మదర్శిని కింద ఒక్కో జీవినీ కొలవాలి. పొడవెంత, కేంద్రకం ఎక్కడుంది, తోక ఎంతవరకు సాగింది? కోపెమానిలో సన్నవీ వెడల్పువీ రెండు రూపాలున్నాయి. తొందరపడితే రెండు జాతులనిపిస్తాయి. ఆ తర్వాత జన్యువుల వరుసను తెలిసిన జాతులతో పోల్చాలి. ఏ జంతువులో, ఏ చోట దొరికిందో రాసి, ఆధారమైన స్లైడును మ్యూజియంలో భద్రపరచాలి. రేపు ఎవరికైనా అనుమానం వస్తే తీసి చూసుకోవాల్సింది ఆ స్లైడునే.

ఇప్పుడు పిడుదును నలిపి డీఎన్‌ఏ చదివితే చాలు, ఎవరూ ఎరగని జీవుల జాడలు కుప్పలుగా బయటపడుతున్నాయి. మంచిదే. కానీ ఆ జాడ పిడుదుదేనా, అది నిన్న తాగిన రక్తానిదా? డీఎన్‌ఏ ఒక్కటే ఆ ముక్క చెప్పదు. అందుకే నాకు ఆస్టెన్ బృందం 2011లో ప్రకటించిన పని ఎంతో విలువైనదనిపిస్తుంది. వాళ్లు పొటొరూను పట్టిన ఇక్సోడిస్ ఆస్ట్రేలియెన్సిస్ పిడుదు పేగును విప్పి చూశారు. అందులో కోపెమాని చచ్చిన ముక్కలుగా కాదు, ప్రాణంతో కదులుతూ కనిపించింది. దాన్ని మోసేది ఈ పిడుదేనన్న అనుమానానికి అప్పుడు బలం వచ్చింది.

ఇది గ్రంథాల్లో దాచుకునే విషయం కాదు. వోయ్‌లీ అనే మరో సంచిజంతువు సంఖ్య 1999 తర్వాత ఏడెనిమిదేళ్లలోనే దాదాపు 90 శాతం పడిపోయింది. నక్కలు, పిల్లులతో పాటు కోపెమాని మీదా శాస్త్రవేత్తలకు అనుమానముంది. సెరెంగెటిలో 1994లో సుమారు వెయ్యి సింహాలు చనిపోయినప్పుడు డిస్టెంపర్ వైరస్‌కు పిడుదులు మోసిన బెబీసియా తోడైంది. మన గిర్ సింహాలు 2018లో చనిపోయినప్పుడూ ఆ రెండు పేర్లే వినబడ్డాయి.

పొటొరూలను కాపాడేందుకు కొన్నిటిని బాల్డ్ ద్వీపానికి తరలించారు. 2015లో కార్చిచ్చు టూ పీపుల్స్ బేలో వాటి ఆవాసాన్ని చాలావరకు బూడిద చేసినప్పుడు ఆ ముందుచూపే జాతిని నిలబెట్టింది. జంతువును తరలిస్తే దాని రక్తంలోని పరాన్నజీవీ వెంట వెళ్తుంది. పిడుదులను ఏరేసి పంపాలా, అలాగే పంపాలా? కొత్త చోట అప్పటికే ఉన్న జంతువుకు ఆ జీవి అలవాటు లేకపోతే ఏమవుతుంది? ఈ నిర్ణయాలు తీసుకునే పశువైద్యుడి చేతిలో ముందుగా ఆ జీవి పేరు, కొలతలు, అది దొరికిన చోటు రాసిన కాగితం ఉండాలి. ఆ కాగితం రాసేవాళ్లకు జీతాలు, ప్రయోగశాలలు, అడవిలో తిరిగే అనుమతులు ఇవ్వడం ప్రభుత్వాల పని.