బడివారికి క్రిస్మస్ కానుక: తక్కువ ఖర్చుతో



డిసెంబరు నెల వచ్చిందంటే మన ఇళ్లలో హడావుడి ఇంతా అంతా కాదు. గోడలకు సున్నము, వాకిట్లో నక్షత్రము, పిల్లలకు కొత్త బట్టలు, చర్చిలో పాటల సాధన. మరోప్రక్క మాసూళ్లు. ధాన్యము ఇంకా కళ్లంలోనే ఉంటుంది, డబ్బు చేతికి రాదు. సరిగ్గా అప్పుడే పిల్లలు వచ్చి, "అమ్మా, మా టీచరుగారికి క్రిస్మస్‌కు ఏమిద్దాము?" అని అడుగుతారు.

రెండేళ్ల క్రితము మా ఇంట్లోనూ ఇదే ప్రశ్న వచ్చింది. మాది శివారు పల్లె. బడి, చర్చి రెండూ పెద్దూరిలోనే ఉన్నాయి. అప్పటికి మా బాబు ఏడో తరగతి, పాప నాలుగో తరగతి. ఎవరెవరికి కానుక ఇవ్వాలో పేర్లు వ్రాయమని పాపకు కాగితము ఇచ్చాము. టీచర్ల పేర్లు అయిదూ గడగడా వ్రాసింది. ఆటో నడిపే అన్న పేరు వ్రాసింది. ఆయమ్మ పేరు బాబు చెప్పాడు. తరువాత "వంటమ్మ" అని వ్రాసి ఆగిపోయింది. "ఆమె పేరేమిటి నాన్నా?" అని అడిగింది.

మాకు తెలియదు. నాలుగేళ్లుగా మా పిల్లలు ఆమె చేతి అన్నము తింటున్నారు. ఆమె ఇల్లు మా చర్చి ఉన్న వీధి చివరనే. ప్రతి ఆదివారము ఆ వాకిలి ముందునుండే మేము ఆరాధనకు వెళ్తాము. అయినా ఆమె పేరు మాకు తెలియదు. ఆ సాయంత్రము మేమిద్దరమూ ఒకరి ముఖము ఒకరు చూసుకుని సిగ్గుపడ్డాము.

అప్పటినుండి కానుకల విషయములో మేము నేర్చుకున్న సంగతులు ఇక్కడ వ్రాస్తున్నాము. మీకూ ఉపయోగపడవచ్చు.

ముందు విచారించండి

తూర్పు దేశపు జ్ఞానులు తెచ్చిన బంగారము, సాంబ్రాణి, బోళము మనందరికీ గుర్తే. కాని ఆ కానుకలు విప్పడానికి ముందు వారు చేసినది ఏమిటి? యెరూషలేముకు వచ్చి, శిశువు ఎక్కడ పుట్టాడని విచారించారు. కానుక అక్కడ మొదలైంది. మనమూ కొట్టుకు పరుగెత్తక ముందు విచారించాలి. ఆయన పేరేమిటి? ఎంత దూరమునుండి వస్తారు? ఏమి తింటారు, ఏమి తినరు?

బడి అంటే టీచర్లు ఒక్కరే కాదు. మరుగుదొడ్లు కడిగే ఆయా, గంట కొట్టే అటెండరు, రాత్రి కాపలా ఉండే వాచ్‌మెన్, ఆటో లేక బస్సు నడిపే డ్రైవరు, వంట చేసేవారు అందరూ బడివారే. 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశము తరువాత, 2003 జనవరి నుండి మన రాష్ట్రపు ప్రభుత్వ బడులలో మధ్యాహ్న భోజనము వండిపెడుతున్నారు. ఆ వంటవారికి ఇచ్చేది జీతము కాదు, గౌరవ వేతనము. నెలకు 1000 రూపాయలుగా ఉన్న దానిని ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 3000 రూపాయలు చేశారు. వందమంది పిల్లలకు అన్నము వార్చే చేతులకు దక్కేది అంతే. క్రిస్మస్‌నాడు వారి వైపు చూసేవారు ఎందరు?

ఖరీదైనది వద్దు

"టీచరుగారికి చీర పెడదామా?" అని కొందరు తల్లులు అడుగుతారు. ప్రేమతోనే అడుగుతారు. కాని ప్రభుత్వ ఉపాధ్యాయులకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉంది. విలువైన బహుమానములు పుచ్చుకోవడానికి అది అడ్డు చెబుతుంది. మనము ప్రేమగా ఇచ్చినది వారిని ఇరుకున పెట్టకూడదు కదా. ఇంకొక సంగతి కూడా ఉంది. ప్రక్క బెంచీలో కూర్చున్న కూలివారి పిల్ల ఆ చీరను చూస్తుంది. ఇంటికి వెళ్లి తల్లిని అడుగుతుంది. ఆ తల్లి అప్పు చేస్తుంది, లేదా పిల్ల ఏడుస్తుంది. మన కానుక వలన మరొక ఇంట్లో కన్నీరు రాకూడదు.

పోయిన క్రిస్మస్‌కు మేము తొమ్మిదిమందికి ఇచ్చాము: టీచర్లు అయిదుగురు, వంటవారు ఇద్దరు, ఆయా, ఆటో డ్రైవరు. అయిన ఖర్చు మొత్తము 540 రూపాయలు. అంటే మనిషికి 60 రూపాయలు. ఏమేమి ఇవ్వవచ్చో చెబుతాము.

చేతితో చేసినవి

వరికంకుల కుచ్చు: దీనికి పైసా ఖర్చు లేదు. కోతమిషను చేలో దిగక ముందే గట్టు ప్రక్కన నాలుగు దుబ్బులు కొడవలితో కోసి ఉంచండి. ఉదయము మంచు తడి ఉండగా అల్లితే గడ్డి విరగదు. కంకులన్నీ క్రిందికి వ్రేలాడేటట్లు కట్టి నీడన ఆరబెట్టండి. బడి వరండాలో వ్రేలాడదీస్తే పిచ్చుకలు వచ్చి తింటాయి. పట్నమునుండి వచ్చే టీచర్లకు ఇది ఎంత సంతోషమో చెప్పలేము. మా హెడ్మాస్టరుగారు ఒకటి బడిలో కట్టించి, మరొకటి తన ఇంటికి పట్టుకెళ్లారు.

గుడ్డసంచి: దిద్దవలసిన పరీక్ష పేపర్లు టీచర్లు ప్లాస్టిక్ కవర్లలో మోసుకుపోవడము మీరు చూసే ఉంటారు. పాత జీన్సు ప్యాంటు కాలిగుడ్డ గాని, యూనిఫారము కుట్టగా మిగిలిన గుడ్డ గాని ఉంటే చాలు. ఎత్తు 15 అంగుళాలు, వెడల్పు 13 అంగుళాలు ఉంటే పేపర్లు మడత పడకుండా పడతాయి. పట్టీలు రెండు వరుసలు కుట్టండి, బరువుకు ఊడిపోవు. లోపల ఒక ఎర్ర పెన్ను పెట్టండి. పది రూపాయల పెన్ను చాలు.

గులాబీ పువ్వులు: క్రిస్మస్‌కు మనవారి ఇళ్లలో అచ్చు ఎలాగూ బయటికి తీస్తారు. రెండు గ్లాసుల మైదాకు ఒక గ్లాసు బియ్యప్పిండి, ఒక గ్లాసు పంచదార పొడి, రెండు గుడ్లు, చిటికెడు ఉప్పు, కాసిని నువ్వులు వేసి, కొబ్బరిపాలతో దోసెల పిండికంటే కొంచెము పలుచగా కలపండి. అచ్చు నూనెలో బాగా కాలాలి. దానిని పిండిలో ముప్పాతిక వరకే ముంచండి. పూర్తిగా మునిగితే పువ్వు ఊడి రాదు. చల్లారిన తరువాతే డబ్బాలో పెట్టండి, లేకుంటే మెత్తబడతాయి. మనిషికి పన్నెండు పువ్వులు కాగితము సంచిలో పెట్టి, పైన రంగు దారము కట్టండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. డిసెంబరులో చాలామంది మాస్టార్లు అయ్యప్ప మాలలో ఉంటారు. వారికి గుడ్డు వేసిన పదార్థము ఇచ్చి ఇబ్బంది పెట్టవద్దు. మంచి జామకాయలు నాలుగు ఇవ్వండి, సంతోషముగా తీసుకుంటారు. షుగరు ఉన్నవారికీ అంతే. మనకు ఇష్టమైనది కాదు, వారికి పనికివచ్చేది ఇవ్వాలి.

విత్తనాల పొట్లాలు: బీర, ఆనప, బెండ, గోంగూర. మన పెరటిలో దాచిన గింజలే. పాత గ్రీటింగు కార్డులతో చిన్న కవర్లు చేసి, ఎప్పుడు నాటాలో పిల్లలచేత వ్రాయించండి.

కొని ఇచ్చేవి

వంటవారికి మేము మంచి నూలు తువ్వాళ్లు కొన్నాము. ఆటో అన్నకు మఫ్లరు కొన్నాము, తెల్లవారి మంచులో వస్తాడు కాబట్టి. ఆయమ్మకు ఏమి కొనాలా అని ఆలోచించినప్పుడు, మొదట రబ్బరు చేతి తొడుగులు అనుకున్నాము. తరువాత మానుకున్నాము. చేతి తొడుగులు ఆమె పనికి కావలసినవి. అవి బడి ఇవ్వవలసినవి, ఇవ్వకపోతే తల్లిదండ్రుల సమావేశములో మనము అడగవలసినవి. పండుగనాడు కూడా ఆమెకు మరుగుదొడ్లను గుర్తుచేయడము ఎందుకు? ఆమెకోసము కొబ్బరినూనె సీసా, గులాబీ పువ్వుల పొట్లము ఇచ్చాము.

అన్నిటికంటె విలువైనది

లూకా సువార్తలో గొర్రెల కాపరులు ఏదో కానుక తెచ్చినట్లు వ్రాయబడలేదు. వారు వచ్చి చూశారు. తాము విన్న మాటను చెప్పారు. చేతిలో ఏమీ లేనివారికి ఇది ఎంత ఆదరణ! చెప్పవలసిన మంచి మాట చెప్పడమే ఒక కానుక.

కాబట్టి ప్రతి కానుకతోపాటు పిల్లలచేత ఒక ఉత్తరము వ్రాయించండి. "మీరు చాలా మంచి టీచరు" అని అందరికీ ఒకే మాట వ్రాయించవద్దు. ఒక రోజు, ఒక సంగతి వ్రాయాలి. మా బాబు లెక్కల మాస్టారికి ఇలా వ్రాశాడు: "సార్, ఆగస్టులో నాకు జ్వరము వచ్చి అయిదు రోజులు రాలేదు. మీరు భోజనాల గంటలో కూర్చోబెట్టి భిన్నాలు చెప్పారు. మీరు ఆ రోజు ఆలస్యముగా తిన్నారు. ఇప్పుడు నాకు భిన్నాలంటే భయము లేదు." నాలుగు ముక్కలే. అక్షర దోషాలు ఉంటే ఉండనివ్వండి. పెద్దవాళ్లము దిద్దితే అది పిల్లవాని ఉత్తరము కాదు.

నాలుగు ఆదివారముల ఏర్పాటు

మన సంఘాలలో పెద్దవారికి పిడికెడు బియ్యపు అలవాటు తెలుసు. వంటకు బియ్యము పోసిన ప్రతిసారీ ఒక పిడికెడు తీసి దేవుని పనికి వేరే కుండలో వేసేవారు. ఎవరికీ బరువనిపించేది కాదు, నెల తిరిగేసరికి కుండ నిండేది. అదే పద్ధతిలో నవంబరు మొదటినుండి ఒక డబ్బాలో రోజుకు పది రూపాయలు వేయండి. క్రిస్మస్ వేళకు మేము ఖర్చు పెట్టినంత చేరుతుంది. రోజుకు అయిదు రూపాయలే వీలైతే ఉత్తరాలు, కంకుల కుచ్చులు, విత్తనాలు ఎక్కువ చేసి, కొనేవి తగ్గించండి.

ఆగమనకాలపు మొదటి ఆదివారము పేర్లు వ్రాయండి. రెండవ ఆదివారము సంచులు కుట్టి, కుచ్చులు అల్లండి. మూడవ ఆదివారము ఉత్తరాలు వ్రాయించండి. నాలుగవ ఆదివారము పిండివంటలు చేసి పొట్లాలు కట్టండి.

ఇచ్చేటప్పుడు

తరగతిలో అందరి ముందు ఇవ్వవద్దు. బడి విడిచిన తరువాత పిల్లలచేతనే నెమ్మదిగా ఇప్పించండి. పిల్లలందరూ కలిసి ఇవ్వాలనుకుంటే మంచిదే, కాని ఇంత తేవాలని ఎవరినీ అడగవద్దు, ఎవరు ఎంత ఇచ్చారో వ్రాయవద్దు. మార్కులు వేసే రోజుల్లో ఇవ్వకండి, అది కానుకలా ఉండదు. తీసుకునేవారు ఏ మతము వారైనా "క్రిస్మస్ శుభాకాంక్షలు" అన్న ఒక్క మాట చాలు. తిరిగి ఏదో ఆశించి ఇచ్చేది కానుక కాదు, బేరము.

ఆమె పేరు

వంటమ్మ పేరు ఆ సంవత్సరము ఎలా తెలిసిందో చెప్పి ముగిస్తాము. మరునాడు పాప బడికి వెళ్లి నేరుగా ఆమెనే అడిగింది. ఇంటికి వచ్చి కార్డు మీద ఆ పేరు పెద్ద అక్షరాలతో వ్రాసింది. క్రింద, "నాకు పప్పు ఇష్టము లేదని తెలిసి మీరు గుడ్డు కూర పులుసు ఎక్కువ వేస్తారు" అని వ్రాసింది. ఆదివారము ఆరాధన అయిన తరువాత నలుగురమూ ఆ వీధి చివరి ఇంటికి వెళ్లాము. నాలుగేళ్లలో అదే మొదటిసారి.

ఆమెకు చదవడము రాదు. పాపనే చదవమంది. పాప మొదట పేరు చదివింది. ఆమె తువ్వాలు వైపు చూడలేదు. "బళ్లో నా పేరు పెట్టి ఎవరూ పిలవరమ్మా, నువ్వు అడిగినప్పుడే ఎందుకా అనుకున్నాను" అన్నది. తరువాత మాకు మంచము వాల్చి టీ పెట్టింది.

ఆమె పేరు ఇక్కడ వ్రాయము. మీ బడిలో వంట చేసే ఆమె పేరు మీరే అడిగి తెలిసికొనండి. ఈ క్రిస్మస్‌కు మొదటి కానుక అదే కావాలని మా మనవి.

మీకందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు.