శాలువా సరే, చెట్టు సంగతేమిటి?

ఏటా మే 22వ తేదీ అంతర్జాతీయ జీవవైవిధ్య దినం. ఆ రోజున విశ్వవిద్యాలయాల్లో సభలు జరుగుతాయి. మొక్కలు నాటిన విద్యార్థులకు, పక్షులను లెక్కగట్టిన విద్యార్థులకు శాలువాలు కప్పుతారు, ప్రశంసాపత్రాలు ఇస్తారు, ఫొటోలు దిగుతారు. మంచిదే. ప్రకృతిని కాపాడాలని తపించే యువతీయువకులను మెచ్చుకోవలసిందే. అయితే ఆ మెచ్చుకోలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతున్నదో చూడాలని మేము అంటున్నాము. మొక్క నాటితే శాలువా. ఉన్న చెట్టును కొట్టవద్దని అడ్డం పడితే పోలీసు వ్యాను. ఈ తేడా ఎందుకొచ్చింది?

"యూనివర్సిటీ పిల్లల ముచ్చట మనకేంది, మన కూలి మనకు దొరికితే చాలు" అని సిద్దిపేట జిల్లా కోహెడ మండలంలో కూలికి పోయే మనిషి అనుకోవచ్చు. పొద్దున లేస్తే పని వెతుక్కోవలసిన వాళ్ళు అట్లా అనుకోవడంలో వింత లేదు. కానీ ఈ రెండు ముచ్చట్లకూ దగ్గరి చుట్టరికం ఉన్నది.

కంచెలో జరిగిందేమిటి?

కంచె అంటే ఏమిటో మన పల్లెల్లో ఎవరికీ చెప్పనక్కర లేదు. పశువులు మేసే బీడు, పుల్లా పుడకా దొరికే నేల. హైదరాబాదు పడమటి దిక్కున ఉన్న కంచె గచ్చిబౌలి పేరులోనే ఆ కంచె ఉన్నది. 1969, 1972 ఉద్యమాల తర్వాత వచ్చిన ఆరు సూత్రాల పథకం ఫలితంగా 1974లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం అక్కడ వెలిసింది. దానికి సుమారు 2,300 ఎకరాలు చూపించారు. ఆనాడు అది ఊరికి దూరమైన రాళ్ళగుట్ట. ఐ.టి. కంపెనీలు వచ్చాక ఎకరం ధర కోట్లకు ఎక్కింది. ధర ఎక్కిన నేల మీద చెట్టుకు కాలం చెల్లినట్లే.

అందులో 400 ఎకరాలను ప్రభుత్వం 2004లో ఒక ప్రైవేటు క్రీడా సంస్థకు కేటాయించి, 2006లో రద్దు చేసింది. ఆ తగాదా సుప్రీంకోర్టు దాకా పోయి 2024లో ప్రభుత్వం గెలిచింది. భూమి మాది, అమ్ముకుంటాం అన్నది ప్రభుత్వ వాదన. 2025 మార్చి 30న, ఉగాది పండుగ పూట, అక్కడికి బుల్‌డోజర్లు దిగాయి. అడ్డుకున్న విద్యార్థులను యాభై మందికి పైగా పోలీసులు పట్టుకపోయారు. ఇద్దరిని జైలుకు పంపారు.

కానీ విద్యార్థులు ఉత్త చేతులతో నిలబడలేదు. అక్కడ చుక్కల దుప్పులు, నెమళ్ళు, నక్షత్ర తాబేళ్ళు ఉన్నాయనీ, రెండు వందలకు పైగా పక్షి జాతులు, ఏడు వందలకు పైగా పూమొక్కల జాతులు ఉన్నాయనీ వాళ్ళ దగ్గర లెక్క ఉన్నది. హైదరాబాదు పేరే పెట్టుకున్న ఒక సాలెపురుగు జాతిని ఆ ఆవరణలోనే కనిపెట్టారు. ఏళ్ళ తరబడి ఎండలో తిరిగి రాసిపెట్టుకున్న ఆ జాబితాలే ఆనాడు ఆయుధాలయ్యాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంత తానుగా కలుగజేసుకొని చెట్ల నరికివేత ఆపమన్నది. నేల ఎవరిదన్న ప్రశ్న వేరు, దాని మీది అడవి ప్రశ్న వేరు అని 1996లోనే గోదావర్మన్ కేసులో ఆ కోర్టు తేల్చి ఉన్నది. ఏప్రిల్ 7న విద్యార్థుల మీది కేసులు ఎత్తివేస్తామని ప్రభుత్వమే ప్రకటించవలసి వచ్చింది. 16వ తేదీన కోర్టు, నాశనమైన నూరు ఎకరాలను తిరిగి ఎట్లా నిలబెడతారో చెప్పమని నిలదీసింది.

ఇంకొక సంగతి గమనించాలి. 2012 అక్టోబరులో జీవవైవిధ్యం మీద ప్రపంచ దేశాల మహాసభ, పదకొండవది, జరిగింది హైదరాబాదులోనే, ఆ కంచెకు కొద్ది దూరంలోనే. అక్కడ ఉపన్యాసాలు దంచిన పాలకులకు పదమూడేళ్ళలో పక్కనున్న కంచె ఖాళీ జాగాగా కనపడ్డది.

చేనులో పోయిన కూర

ఇప్పుడు కోహెడకు వద్దాం. ఒక పక్క మోయతుమ్మెద వాగు, మరో పక్క శనిగరం ప్రాజెక్టు. వరి, పత్తి, మక్క. ఇక్కడ బుల్‌డోజరు రాలేదు గనుక జీవవైవిధ్యం భద్రంగా ఉన్నదని అనుకుందామా? చేనులోకి పోయి చూస్తే తెలుస్తుంది. ఒకప్పుడు కలుపుకు పోయిన ఆడమనిషి పొద్దుగూకి ఇంటికొస్తే కొంగులో కూలి డబ్బులతో పాటు ఇంత కూరాకు ఉండేది: దొగ్గలికూర, గునుగుకూర, పొనగంటికూర, తుమ్మికూర. పైసా ఖర్చు లేని ఆ కూర బీదవాళ్ళకు బలం. ఆ గునుగుపూలే బతుకమ్మకు అందం.

గడ్డిమందు వచ్చింది, గునుగు పోయింది. గునుగుతో పాటు కలుపు కూలి కూడా పోయింది! పదిమంది ఆడవాళ్ళు వరుసగా కూచుని తీసే కలుపును ఒక మనిషి వీపున పంపు కట్టుకొని పొద్దెక్కక ముందే మాడగొడుతున్నాడు. చేతికి తొడుగు లేదు, ముక్కుకు గుడ్డ లేదు. ఆ విషం పీల్చేదీ కూలివాడే. గడ్డిమందుకు చావని పత్తి విత్తనాన్ని, బీజీ త్రీ అని జనం పిలిచేదాన్ని, ప్రభుత్వ అనుమతి లేకుండానే దొంగచాటుగా అమ్ముతున్నారు. ఖర్చుల కింద నలుగుతున్న చిన్న రైతు కూలి మిగులుతుందని దానికి ఆశపడుతున్నాడు. అతన్ని తిట్టి లాభం లేదు. లాభం మందుల కంపెనీలకు, నష్టం రైతుకూ కూలికీ.

కనుక జీవవైవిధ్యం అనే పెద్ద మాటకు మన భాషలో అర్థం చిన్నదే: కంచె, కూరాకు, కలుపు కూలి. కంచె కోసం కొట్లాడిన విద్యార్థి మనకు పరాయివాడు కాదు.

రిజిస్టరు ఎవరు రాయాలి?

2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో ఒక కమిటీ ఉండాలి. ఊళ్ళోని చెట్టూ పుట్టా, విత్తనం, పశువు, మందుమొక్క, వాటి గురించి జనానికి తెలిసిన సంగతులు ప్రజల రిజిస్టరులో రాయాలి. కమిటీలో మూడోవంతుకు తగ్గకుండా స్త్రీలుండాలని 2004 నియమాలు చెప్పాయి. పదిహేనేళ్ళు దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. 2020 జనవరి 31 లోగా పూర్తి చేయకపోతే నెలకు పది లక్షలు కట్టాలని హరిత ట్రిబ్యునల్ రాష్ట్రాలను గద్దించిన తర్వాత దేశమంతా హడావుడిగా రిజిస్టర్లు నిండాయి. హడావుడిలో నిండిన కాగితంలో కలుపుతీసే అవ్వ మాట ఎంత చేరి ఉంటుంది? ఆపైన 2023 సవరణతో, చట్టం ఉల్లంఘించిన వారికి జైలు శిక్ష తీసివేసి జరిమానాతో సరిపెట్టారు. కంపెనీకి జరిమానా ఒక ఖర్చు పద్దు మాత్రమే.

విద్యార్థులతో పని ఇక్కడే ఉన్నది. వ్యవసాయ విద్యార్థులు చివరి సంవత్సరంలో కొన్ని నెలలు పల్లెల్లో గడపాలి. వాళ్ళు రైతు ఇంటి అరుగు దగ్గర ఆగిపోకుండా కూలి వాడకు రావాలి. ఏ కూర ఏ చేనులో మొలిచేది, ఏ చెట్టు బెరడు ఏ రోగానికి పట్టేది అడిగి, చెప్పినవాళ్ళ పేరుతోనే రాయాలి. జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళలు పాత విత్తనాలను కాపాడి, 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ బహుమతి అందుకున్నారు. బడి ముఖం చూడని వాళ్ళే అక్కడ గురువులు.

కాబట్టి మేము చెప్పేది ఇది. విద్యార్థులకు గౌరవం చేయదలచినవాళ్ళు ముందు వాళ్ళు కాపాడిన నేలను కాపాడాలి. చెట్టుకు అడ్డం నిలిచినందుకు ఏ విద్యార్థి మీదా కేసు ఉండరాదు. కార్యకర్తలు తమ ఊరి రిజిస్టరును గ్రామసభలో పెట్టించి బిగ్గరగా చదివించాలి. అందులో మన కంచె లేకపోతే, మన గునుగుకూర లేకపోతే, ఎందుకు లేదని అడగాలి. చదువుకున్న పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని మళ్ళీ రాయించాలి. ఆ పని చేసిన విద్యార్థికి కూలి వాడ పెట్టే ఒక పూట బువ్వ ఏ శాలువాకూ తీసిపోదు.