పర్వతయాత్రకు సన్నాహము

హిమాలయములు భారతదేశమునకు ఉత్తరదిక్కున పెట్టనికోటవలె నిలిచియున్నవి. ప్రాచీనకాలము నుండియు యాత్రికులు, వర్తకులు, గొఱ్ఱెలకాపరులు ఆ కొండదారులలో సంచరించుచునే యున్నారు. ఇటీవలికాలమున మఱియొక విధమైన బాటసారులు కూడ అచట కానవచ్చుచున్నారు. వీరు నలుగురైదుగురు ఒక జట్టుగా చేరుదురు. గుడారమును, ఆహారమును, ఉన్నిబట్టలను సంచులలో సర్దుకొని వీపున మోయుదురు. కొన్నిదినములు కొండలలో నడచి, రాత్రులు గుడారములలో గడపి, తిరిగివత్తురు.

చూచుటకు ఇది స్వేచ్ఛావిహారమువలె కన్పించును. కాని దీనివెనుక ఎంతో గణితము, ఎంతో ముందుచూపు దాగియున్నవి. ఊరిలో నున్నపుడు మఱచిన వస్తువు ప్రక్కవీధి అంగడిలో దొరకును. కొండమీద అంగడి లేదు. అచట అగ్గిపెట్టె తడిసినచో అన్నము లేదు. ఒకని కాలు బెణికినచో నలుగురి నడకయు నిలిచిపోవును. ఇంట గెలిచి రచ్చ గెలువుమను సామెత పర్వతయాత్రకు చక్కగా సరిపోవును.

చిన్నజట్టు ఎంతటి కార్యమును సాధింపగలదో 1934వ సంవత్సరమున జరిగిన ఒక యాత్ర నిరూపించినది. గఢ్వాలు ప్రాంతమున 7,816 మీటర్ల ఎత్తుగల నందాదేవి శిఖరము కలదు. దానిచుట్టును కొండలు కోటగోడవలె నున్నవి. లోనికి పోవుటకు ఋషిగంగ ప్రవహించు భయంకరమైన ఇరుకులోయ తప్ప వేఱుదారి లేనట్లు తోచుచుండెను. అంతకుముందు పలువురు యత్నించి విఫలులైరి. ఎరిక్ షిప్టన్, టిల్మన్ అను ఇద్దరు ఆంగ్లేయులు, ఆంగ్ థార్కే, పసాంగ్, కుసాంగ్ అను మువ్వురు షెర్పాలు, మొత్తము ఐదుగురు మాత్రమే కూడి ఆ లోయగుండ లోనికి ప్రవేశించిరి. వారు సామగ్రిని మితముగా ఎన్నుకొనిరి. బరువును అందఱును మోసిరి. ఒకే ఆహారమును పంచుకొని తినిరి. వానకాలము సమీపింపగానే పని సగములో నున్నను వెనుకకు మరలిరి. వానలు తగ్గుముఖము పట్టిన పిమ్మట తిరిగివచ్చి మిగిలినపనిని పూర్తిచేసిరి.

అట్టి నేర్పరులకు సైతము ఒకసారి లెక్క తప్పినది. ఆ వానకాలముననే వారు బదరీనాథమునుండి కేదారనాథమువైపునకు కొండలను దాటి పోవుచుండగా, దట్టమైన అడవిలో అనుకొనినదానికంటె ఎక్కువదినములు పట్టినవి. తెచ్చుకొనిన ఆహారము అడుగంటినది. వెదురుమొలకలను ఉడికించి తినుచు వారు ఎట్లో బయటపడిరి. కొండలలో దినములను లెక్కించుట ఎంత కష్టమో దీనివలన తెలియుచున్నది.

క్రొత్తగా బయలుదేరువారు అంతటి సాహసమునకు పూనుకొనరాదు. వారికి తగిన దారులు వేఱుగా నున్నవి. ఉత్తరాఖండ రాష్ట్రమున ఉత్తరకాశి జిల్లాలో హర్ కీ దూన్ అను లోయ కలదు. దూన్ అనగా లోయ అని అర్థము. అది సముద్రమట్టమునకు 3,566 మీటర్ల ఎత్తున నున్నది. అచటినుండి స్వర్గారోహిణి శిఖరములు కన్పించును. ధర్మరాజు ఆ పర్వతము మీదుగనే స్వర్గమునకు పోయెనని అచటివారి విశ్వాసము. నలుగురు మిత్రులు ఆ లోయకు పోవదలచినచో ఎట్లు సన్నాహము చేయవలెనో పరిశీలించినచో, ఏ పర్వతయాత్రకైనను వలసిన సూత్రములు తెలియగలవు.

మొదట ఎందఱు పోవలెనను ప్రశ్న పుట్టును. నలుగురి జట్టు మేలైనది. ఒకనికి దెబ్బ తగిలినచో ఒకడు అతనికి తోడుగా నుండవలెను. మిగిలిన ఇద్దరు కలిసి సహాయమునకై పోవలెను. ఆ విధముగా ఎవ్వరును ఒంటరిగా నుండవలసిన అవసరము కలుగదు. జట్టులో ఒక్కరైనను కొండలలో అనుభవము కలవారై యుండవలెను. విద్యార్థులు పోవునపుడు పెద్దలు వెంటనుండి తీరవలెను. ఆ ఊరివాడైన మార్గదర్శకుడు కూడ నున్నచో మఱియు మంచిది. ఏ వంతెన కొట్టుకొనిపోయినదో, ఏ వాలున రాళ్లు జాఱుచున్నవో అతనికే తెలియును.

రెండవది కాలనిర్ణయము. జులై, ఆగస్టు మాసములలో వర్షములవలన కొండచరియలు విఱిగిపడును. శీతకాలమున దారులను మంచు కప్పివేయును. కావున మే, జూన్ మాసములు గాని, సెప్టెంబరు చివరనుండి అక్టోబరు చివరివరకు గాని అనుకూలమైనవి. ఈ లోయ వన్యమృగ సంరక్షణప్రాంతములో చేరియున్నందున అటవీశాఖ అనుమతిని కూడ పొందవలెను.

మూడవది దారి. దేహరాదూన్ నుండి పురోలా, మోరీ, నైట్వార్ గ్రామములమీదుగా సుమారు 200 కిలోమీటర్లు పయనించినచో సాంక్రీ అను గ్రామము వచ్చును. అచటినుండి తాలూకా అను పల్లెవఱకు జీపుదారి కలదు. తాలూకానుండి సుపిన్ నది వెంబడి సుమారు 14 కిలోమీటర్లు నడచినచో సీమా అను మజిలీ చేరవచ్చును. సీమానుండి హర్ కీ దూన్ సుమారు 12 కిలోమీటర్లు.

పన్నెండు కిలోమీటర్లు అనగానే మూడుగంటల నడక యని మైదానమువారు తలంచుదురు. కాని కొండలలో దూరమును మాత్రమే కొలిచిన చాలదు. ఎత్తును కూడ కొలువవలెను. ఇందుకై పటములలో సమోన్నతరేఖలు గీయబడియుండును. సముద్రమట్టమునుండి ఒకే ఎత్తుననున్న స్థలములను కలుపు గీతలకు ఆ పేరు. గీతలు దగ్గరదగ్గరగా నున్నచోట వాలు నిటారుగా నుండును; ఎడమెడముగా నున్నచోట నేల చదునుగా నుండును. 1892లో నైస్మిత్ అను స్కాట్లండు పర్వతారోహకుడు ఒక సులభసూత్రమును చెప్పెను. దానిని నేటికొలతలలోనికి మార్చినచో, ఐదు కిలోమీటర్ల నడకకు ఒకగంట, ఆపైన ప్రతి 600 మీటర్ల ఎక్కుడునకు మఱియొక గంట కలుపవలెను. సీమా సుమారు 2,550 మీటర్ల ఎత్తున నున్నది. అచటినుండి హర్ కీ దూన్‌నకు ఎక్కవలసినది దాదాపు 1,000 మీటర్లు. దూరమునకు రెండుగంటల ఇరువదినాలుగు నిమిషములు, ఎక్కుడునకు గంట నలువది నిమిషములు, మొత్తము నాలుగుగంటలకు పైగా పట్టును. వీపున బరువు, పలుచని గాలి, విశ్రాంతి వీనికై దానిలో సగము కలిపినచో ఆఱుగంటలగును. ఈ లెక్కను జట్టులో మిక్కిలి మెల్లగా నడచువానినిబట్టియే వేయవలెను. వేగముగా పోవువాడు ముందుగా చేరినంతమాత్రమున జట్టు చేరినట్లు కాదు.

ఆఱుగంటలలో చేరగలిగినను, సీమానుండి ఒకేదినమున పైకి పోయి అచట నిద్రించుట మంచిది కాదు. దీనికి కారణము గాలిలో నున్నది. ఎక్కడనైనను గాలిలో ప్రాణవాయువు పాలు నూటికి సుమారు 21 వంతులే. కాని ఎత్తునకు పోయినకొలది వాయుపీడనము తగ్గును. హర్ కీ దూన్ ఎత్తున అది సముద్రతీరమున నున్నదానిలో మూడింట రెండువంతులు మాత్రమే. అనగా ప్రతి శ్వాసలోను ప్రాణవాయువు మూడవవంతు తగ్గిపోవును. శరీరము ఈ మార్పునకు అలవాటుపడగలదు గాని, అందుకు వ్యవధి కావలెను. 3,000 మీటర్లు దాటిన పిమ్మట ఒక రాత్రి నిద్రించిన చోటికంటె మఱునాటి రాత్రి నిద్రించుచోటు 500 మీటర్లకు మించి ఎత్తున లేకుండుట మేలని వైద్యులు చెప్పుదురు. అందుచేత నడుమ సుమారు 3,000 మీటర్ల ఎత్తున కల్కత్తియాధార్ వద్ద ఒక రాత్రి గడపవలెను. అప్పుడు మఱునాటి ఎక్కుడు ఆ హద్దునకు దగ్గరగానే నిలుచును. తలనొప్పి, వాంతి, ఆకలిలేమి కన్పించినచో ఇంకను పైకి పోరాదు. అవి ముదిరినను, నడక తూలినను, కూర్చున్నపుడు సైతము ఆయాసము కలిగినను వెంటనే క్రిందికి దిగవలెను. అట్టివాడు తన బాధను దాచుకొనుట ధైర్యము కాదు. అది జట్టునంతటిని అపాయమున పడవేయుట.

ఈ విధముగా తాలూకానుండి సీమా ఒకదినము, కల్కత్తియాధార్ ఒకదినము, హర్ కీ దూన్ ఒకదినము, అచట ఉండుటకు ఒకదినము, తిరుగుప్రయాణమునకు రెండుదినములు, మొత్తము ఆఱుదినములు. వాన కురిసినచో ఆగుటకై మఱియొక దినమును చేర్చినచో ఏడుదినములైనవి. 1934 నాటి యాత్రికులు వెదురుమొలకలతో నేర్చిన పాఠము ఇదియే.

తరువాత ఆహారపు లెక్క. ఒక్కొక్కరికి దినమునకు ముప్పాతిక కిలోగ్రాము చొప్పున నలుగురికి ఏడుదినములకు 21 కిలోగ్రాములు కావలెను. నీరుగల పదార్థములను మోయుట వ్యర్థము. బియ్యము, గోధుమపిండి, అటుకులు, బెల్లము, వేరుసెనగలు, నేయి, కారప్పొడి మొదలగునవి బరువు తక్కువ, బలము ఎక్కువ. పప్పు విషయమున ఒక చిక్కు కలదు. వాయుపీడనము తగ్గినందున ఆ ఎత్తున నీరు 100 డిగ్రీలకు బదులు సుమారు 88 డిగ్రీల సెంటీగ్రేడువద్దనే మరగును. ఎంతసేపు ఉంచినను అంతకుమించి వేడెక్కదు. అందుచేత కందిపప్పు త్వరగా ఉడుకదు. పొయ్యిలోని నూనె మాత్రము తరిగిపోవును. పెసరపప్పును గాని, వేయించి పొడిచేసిన పప్పును గాని తీసికొనిపోవుట మంచిది. కిరోసినును, గ్యాసుడబ్బాలను రైలులో తీసికొనిపోవుట నిషిద్ధము. వానిని దేహరాదూన్‌లోనే కొనవలెను. కొండలలోని కట్టెలను నఱుకరాదు. ఆ ఎత్తున చెట్టు మిక్కిలి మెల్లగా పెరుగును.

బట్టలను కూడ లెక్కించియే ఎన్నుకొనవలెను. ప్రతి 1,000 మీటర్లకు వేడిమి సుమారు ఆఱున్నర డిగ్రీలు తగ్గును. దేహరాదూన్‌లో 30 డిగ్రీలున్ననాడు హర్ కీ దూన్‌లో పగటివేళ 11 డిగ్రీల ప్రాంతమున నుండును. రాత్రి చలి ఇంకను ఎక్కువ. ఒకే మందమైన కోటుకంటె పలుచని బట్టలు మూడునాలుగు ఒకదానిపై నొకటి ధరించుట మేలు. నడచునపుడు పైదానిని తీసి, ఆగినపుడు తొడుగుకొనవచ్చును. నిద్రించునపుడు వలసిన పొడిబట్టలను నీరు చొరని సంచిలో దాచి, పగలు వానిని తాకరాదు.

ఇక మోయవలసిన బరువు. అది మనుష్యుని బరువులో నాలుగవవంతునకు మించరాదు. 60 కిలోగ్రాముల మనుష్యునికి 15 కిలోగ్రాములు హద్దు. ఆహారములో అతని పాలు ఐదుంబాతిక కిలోగ్రాములు. గుడారములు, పొయ్యి, నూనె, గిన్నెలు, మందులు కలిసి 12 కిలోగ్రాములైనచో అతని వంతు మూడు. సొంతబట్టలు, నిద్రసంచి మొదలగునవి ఆఱు. అన్నియు కూడ పదునాలుగుంబాతిక. మిగిలినది ముప్పాతిక కిలోగ్రాము. త్రాగునీటికే అది చాలదు. కావున దారిలో నీరు దొరకు తావులను ముందుగా తెలిసికొని, కాచిననీటిని కొంచెము కొంచెముగా నింపుకొనుచు పోవలెను. రెండవ అద్దము, మూడవ చొక్కా, పెద్దపుస్తకము ఇంటివద్దనే ఉండవలెనని ఈ కూడిక చెప్పకయే చెప్పుచున్నది.

శరీరమును సిద్ధముచేయుటకు హిమాలయము వఱకు పోనక్కరలేదు. రెండుమాసములు ముందుగా, బరువుగల సంచిని వీపున వేసికొని ఊరిచెంతనున్న గుట్టను ఎక్కిదిగుచుండిన చాలును. 2014 మే 25వ తేదీన నిజామాబాదు జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ పదునాలుగు సంవత్సరములు నిండకముందే ఎవరెస్టు శిఖరమును చేరినది. ఖమ్మము జిల్లాకు చెందిన ఆనందకుమార్ కూడ ఆమెతోపాటు చేరినాడు. సాంఘిక సంక్షేమ గురుకులములలో చదివిన ఆ ఇద్దరి శిక్షణము భువనగిరి బండమీదనే ఆరంభమైనది.

చిట్టచివర జట్టువారందఱు కలిసి కూర్చుండి, ఎప్పుడు వెనుకకు మరలవలెనో ముందే నిర్ణయించుకొనవలెను. హర్ కీ దూన్‌లో ఉండు దినమున హిమానీనదమువైపు విహారమునకు పోయినచో, మధ్యాహ్నము ఒంటిగంటకు ఎక్కడనున్నను తిరుగవలెనని నియమము చేసికొనవచ్చును. శిఖరము ఎదుట మెఱయుచుండగా మనుష్యుని వివేచన మందగించును. ఇంటివద్ద ప్రశాంతముగా చేసికొనిన నిర్ణయము అప్పుడు కాపాడును. మరలినవానికి కొండ మఱుసటి సంవత్సరము కూడ అచటనే యుండును.

బయలుదేరుటకు ముందు దారి, మజిలీలు, తిరిగివచ్చు తేదీ, జట్టువారి పేర్లు ఒక కాగితముమీద వ్రాసి, ఒకప్రతిని ఇంటిలోను, మఱియొకప్రతిని సాంక్రీలోను ఈయవలెను. ఆ తేదీకి వారు రాకున్నచో వెదకవలసినచోటు ఇతరులకు తెలియును. నలుగురును క్షేమముగా తాలూకాకు దిగి, తాము తెచ్చిన చెత్తనంతయు తమ సంచులలోనే వెనుకకు తెచ్చి, సాంక్రీలో నిచ్చిన కాగితముమీద వచ్చితిమని వ్రాసి, ఇంటికి కబురు పంపినపుడే యాత్ర ముగిసినట్లు.