వకాల్తా నుంచి ఓటు దాకా: మన పాలమూరు వకీలు సాబ్

ఎన్నికలొచ్చాయంటే చాలు, గుమ్మంలోకి ఎంతమంది వస్తారో! "అమ్మా, మీ ఓటు మాకే" అని చేతులు జోడిస్తారు. వాళ్ళలో వకీళ్ళు కూడా తప్పకుండా ఉంటారు. "వకీలాయన కదా, మాటలకేం కొదవ!" అని మనలో మనం నవ్వుకుంటాం. నిజమేనండీ. కానీ కోర్టులో మాట నెగ్గించుకోవడం ఒక ఎత్తు, జనానికిచ్చిన మాట నిలబెట్టుకోవడం మరొక ఎత్తు. ఆ తేడా ఎంతటిదో తెలియాలంటే బూర్గుల రామకృష్ణారావు గారి కథ వినాలి. హైదరాబాద్ రాష్ట్రానికి జనం ఓట్లతో వచ్చిన మొదటి ముఖ్యమంత్రి ఆయన. పుట్టింది మన పాలమూరు గడ్డమీదే.

ఊరిపేరే ఇంటిపేరు

1899 మార్చి 13న కల్వకుర్తి తాలూకా పడకల్ గ్రామంలో ఆయన పుట్టారు. అసలు ఇంటిపేరు పుల్లంరాజు. షాద్‌నగర్ దగ్గరి బూర్గుల వాళ్ళ సొంతూరు కావడంతో ఆ ఊరిపేరే ఇంటిపేరై నిలిచిపోయింది. ఆ రోజుల్లో ఈ ఊళ్ళన్నీ మహబూబ్‌నగర్ జిల్లావే. 2016లో జిల్లాలు మారాక రంగారెడ్డిలోకి వెళ్ళాయి. ఆయన పుణెలోని ఫెర్గూసన్ కాలేజీలో చదివి, బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి లా పట్టా పుచ్చుకుని హైదరాబాదులో ప్రాక్టీసు పెట్టారు. తెలుగు, ఉర్దూ, ఫారసీ, సంస్కృతం, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషు ఆయనకు వచ్చు. మీలో శుక్రవారం పూట కనకధారా స్తవం, సౌందర్యలహరి చదివేవారు ఉంటారు కదా! వాటిని తెలుగు చేసినవారిలో ఈ వకీలు గారూ ఒకరు. మరో ముచ్చట. తరువాత దేశ ప్రధాని అయిన పి.వి. నరసింహారావు గారు మొదట్లో ఈయన దగ్గరే జూనియర్‌గా పనిచేశారు.

తెలుగులో మాట్లాడితే గోల

నిజాం కాలంలో కోర్టు భాష ఉర్దూ. భూమి కోసమో, భరణం కోసమో కచేరీ మెట్లెక్కిన తెలుగు ఆడమనిషికి తన కేసులో ఏం రాశారో తనకే అర్థమయ్యేది కాదు. గెలిచిందీ ఓడిందీ వకీలు సాబ్ చెబితే తెలియాలి. సభల్లో కూడా ఇదే వరస. 1921 నవంబరు 12న హైదరాబాదులో సంఘసంస్కరణ సభ జరిగింది. ఆడవాళ్ళ కోసం విశ్వవిద్యాలయం పెట్టిన కార్వే గారే దానికి అధ్యక్షులు. అంతటి సభలో ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే కొందరు గోలచేసి ఎగతాళి పట్టించారు. ఆ అవమానంలో నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. దానికి మొదటి రోజుల్లో పనిచేసినవారిలో బూర్గుల కూడా ఉన్నారు. 1931లో నల్లగొండ జిల్లా దేవరకొండలో జరిగిన రెండో ఆంధ్ర మహాసభకు ఆయనే అధ్యక్షులు. ఆ మహాసభతో పాటే మహిళా సభ కూడా విడిగా జరిగింది. గడప దాటడమే గొప్ప అనుకునే రోజుల్లో మనవాళ్ళు వేదికెక్కి మాట్లాడారంటే తక్కువ సంగతా?

ఓటడిగే రోజు

1952లో మొదటి సార్వత్రిక ఎన్నికలొచ్చాయి. దేశం మొత్తంమీద దాదాపు 28 లక్షలమంది స్త్రీలకు జాబితాలో చోటే దొరకలేదు. కారణం వింటే ఆశ్చర్యపోతారు. సొంత పేరు చెప్పడం బాగుండదని "ఫలానావారి భార్య", "ఫలానావారి తల్లి" అని రాయించారట! ఇలాంటివి ఉత్తరాది రాష్ట్రాల్లోనే ఎక్కువగా జరిగాయి. మన నల్లగొండ జిల్లాలోనైతే సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆరుట్ల కమలాదేవి గారు ఆలేరు నుంచి ఏకంగా ఎమ్మెల్యేగా గెలిచారు. నల్లగొండ నుంచి పార్లమెంటుకు నిలబడ్డ రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూ గారికంటే ఎక్కువ ఓట్లొచ్చాయి. బూర్గుల షాద్‌నగర్‌లో కాంగ్రెస్ తరఫున గెలిచి, ఆ మార్చిలో ముఖ్యమంత్రి అయ్యారు.

వకీలుగా ఉన్నప్పుడు ఒక పక్షం వాదిస్తే చాలు. కుర్చీ ఎక్కాక రెండు పక్షాలూ తనవాళ్ళే. ఆ చిక్కు ఆయనకు త్వరలోనే తెలిసొచ్చింది. బయటివాళ్ళు వచ్చి ఉద్యోగాలు తన్నుకుపోతున్నారని అదే ఏడాది ముల్కీ ఉద్యమం లేచింది. సెప్టెంబరులో హైదరాబాదులో పోలీసు కాల్పులు జరిగాయి, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఏ జనం ఓటేసి గెలిపించారో ఆ జనం పిల్లలే బోనెక్కించి అడిగినట్లయింది.

భూమి విషయంలో మాత్రం ఆయన పేరు నిలిచే పని జరిగింది. అంతకుముందు వెల్లోడి ప్రభుత్వంలో ఆయన రెవెన్యూ మంత్రి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. ఆయన ముఖ్యమంత్రిగా ఉండగా 1954లో ఆ చట్టానికి 38-ఇ సెక్షన్ చేర్చారు. దొరల భూమిని ఏళ్ళ తరబడి దున్నుకుంటున్న రక్షిత కౌలుదారుకు ఆ భూమిమీద హక్కు వచ్చే దారి అది. మీ అత్తవారింట్లో పాత ట్రంకుపెట్టెలో "38-ఇ సర్టిఫికెట్" ఉంటే పారేయకండి, దాని వెనక కథ ఇదే. అయితే చట్టం రాగానే కాగితం చేతికి రాలేదు. చాలాచోట్ల 1970ల దాకా ఆగవలసి వచ్చింది.

ఒక ఉత్తరం, ఒక సంతకం

ఇక అసలు ఘట్టం. హైదరాబాద్ రాష్ట్రాన్ని ఇప్పటికి విడిగానే ఉంచాలని, 1961 ఎన్నికల తరువాత శాసనసభలో మూడింట రెండు వంతులమంది ఒప్పుకుంటేనే ఆంధ్రతో కలపాలని 1955లో ఫజల్ అలీ కమిషన్ చెప్పింది. ఇక్కడ ఎక్కువమంది విలీనానికి ఇష్టపడడం లేదని బూర్గుల గారే కాంగ్రెస్ అధ్యక్షుడు ధేబర్‌కు ఉత్తరం రాశారు. కానీ ఢిల్లీ పెద్దల మొగ్గు అటే అయింది. 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం మీద అటు నలుగురు, ఇటు నలుగురు సంతకాలు చేశారు. ఇటువైపు నలుగురిలో బూర్గుల ఒకరు. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. నీలం సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు. బూర్గుల కుర్చీ దిగి కేరళకు గవర్నరుగా వెళ్ళారు.

ముఖ్యమంత్రి ఆంధ్ర నుంచి ఉంటే ఉప ముఖ్యమంత్రి తెలంగాణ నుంచి ఉండాలని ఆ కాగితంలో ఉంది. మొదటి మంత్రివర్గంలోనే ఆ పదవి లేకుండా పోయింది! 1958లో ప్రాంతీయ సంఘం వంటివి కొన్ని వచ్చాయి. మిగిలినవాటి కోసం ఏ కోర్టు తలుపు తట్టాలి? అది చట్టం కాదాయె, పెద్దమనుషుల మాట. కాగితం విలువ పుట్టుకతో తెలిసిన వకీలు, అమలు చేయించే దిక్కులేని కాగితం మీద సంతకం పెట్టారు. దేశం ఒకటిగా ఉండాలన్న మంచి మనసుతోనే పెట్టారని అభిమానులు అంటారు. గట్టిగా నిలబడి ఉండవలసిందని మరికొందరు అంటారు. ఆ బాకీ 1969లో ఉద్యమమై లేచింది, 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం వచ్చేదాకా తీరలేదు.

కేరళలో కూడా ఆయనకు నెమ్మది దొరకలేదు. 1959లో నంబూద్రిపాద్ ప్రభుత్వాన్ని కేంద్రం రద్దుచేసినప్పుడు అక్కడి గవర్నరు ఆయనే. తరువాత ఉత్తరప్రదేశ్ గవర్నరుగా, రాజ్యసభ సభ్యులుగా ఉండి, 1967 సెప్టెంబరులో కన్నుమూశారు.

మరి మనకేమిటి?

చిట్టీ కడితే రసీదు అడుగుతాం. పిల్ల పెళ్ళి మాటల్లో పెట్టుపోతలు తేలేదాకా లేవం. అలాంటిది అయిదేళ్ళకోసారి వచ్చే ఓటు దగ్గరకు వచ్చేసరికి తియ్యటి మాటకు కరిగిపోతామెందుకు? ఈసారి గుమ్మంలోకి వచ్చిన పెద్దమనిషిని, వకీలైనా కాకపోయినా, రెండు ముక్కలు అడిగి చూడండి: "మీరు చెప్పింది రాసి ఇస్తారా? జరగకపోతే ఎవరిని అడగాలి?"

మంచినీళ్ళిచ్చి, నవ్వుతూనే అడగండి. జవాబు ఎలా ఉందో చూసుకుని అప్పుడు ఓటు సంగతి ఆలోచించండి.