మహానగరమైనా అర్జీ పెట్టుకోవలసిందే

న్యూయార్క్ నగర జనాభా 2020 జనాభా లెక్కల ప్రకారం 88 లక్షలు. ఆ నగరపు వార్షిక బడ్జెట్టు ఎన్నో స్వతంత్ర దేశాల బడ్జెట్టులను మించినది. అయినప్పటికీ 2014 వరకు ఆ నగర మేయరుకు తన వీధులలో మోటారు వాహనాల సాధారణ వేగ పరిమితిని గంటకు 30 మైళ్ల నుండి 25 మైళ్లకు తగ్గించే అధికారం లేదు. అందుకు ఉత్తరాన సుమారు 240 కిలోమీటర్ల దూరంలోని రాష్ట్ర రాజధాని ఆల్బనీకి వెళ్లి, శాసనసభ్యులను ఒప్పించి, చట్టం చేయించుకోవలసి వచ్చింది.

పాఠకులకు ఇది వింతగా తోచవచ్చు. కాని దీని మూలం అమెరికా రాజ్యాంగంలోనే ఉన్నది. ఆ రాజ్యాంగంలో కేంద్రం ఉన్నది, రాష్ట్రాలు ఉన్నవి; నగరం అనే మాట లేదు. 1868లో అయోవా రాష్ట్ర న్యాయమూర్తి జాన్ డిల్లన్ ఒక సూత్రం ప్రతిపాదించాడు: నగరాలు రాష్ట్ర శాసనసభ సృష్టించినవి, శాసనసభ ఇచ్చిన అధికారాలు తప్ప వాటికి వేరే అధికారాలు లేవు. 1907లో అమెరికా సుప్రీంకోర్టు కూడా ఇంచుమించు ఇదే దృష్టిని ఆమోదించింది. తరువాతి కాలంలో అనేక రాష్ట్రాలు తమ నగరాలకు కొంత స్వపరిపాలన ప్రసాదించినా, పన్నులు, అప్పులు, వాహనాల వేగం వంటి ముఖ్య విషయాలలో పగ్గాలు తమ చేతిలోనే ఉంచుకున్నవి.

కాబట్టి నగరపాలనలో సగం పని పాలించడమైతే, మిగిలిన సగం అడగడం. ఇందుకోసం న్యూయార్క్ మేయరు తరఫున ఆల్బనీలో ఒక కార్యాలయం, వాషింగ్టన్‌లో మరొక కార్యాలయం పనిచేస్తాయి. నగరానికి అవసరమైన చట్టాలేవో ఏటా నిర్ణయించుకొని, ముసాయిదాలు తయారు చేసుకుంటారు. మేయరు స్వయంగా బిల్లు ప్రవేశపెట్టలేడు. రాష్ట్రంలోని ఉభయ సభలలోనూ ఆ భారం వహించే సభ్యుడు ఒక్కొక్కరు దొరకాలి. దిగువ సభలోని 150 స్థానాలలో నగరానివి సగానికి తక్కువే. అందువల్ల పల్లెల నుండి, చిన్న పట్టణాల నుండి వచ్చిన సభ్యులకు కూడా నగరపు బాధ నచ్చజెప్పాలి. ఒక్క నగరానికే వర్తించే ప్రత్యేక చట్టం కావాలంటే, సాధారణంగా నగర పాలక మండలి ముందుగా తీర్మానించి, ఈ చట్టం మాకు కావాలని రాతపూర్వకంగా కోరాలి. ఏటా చలికాలంలో మేయర్లు ఆల్బనీకి వెళ్లి శాసనసభా సంఘాల ఎదుట కూర్చొని, బడ్జెట్టులో తమ వాటా కోసం వాదిస్తారు. ఆ రోజుకు అక్కడివారు పెట్టిన ముద్దు పేరు ‘టిన్ కప్ డే’. మన మాటలలో చెప్పాలంటే, భిక్షాపాత్ర పట్టే రోజు.

ఈ అడగడంలో నగరం ప్రాణమే పణంగా పెట్టవలసి వచ్చిన సందర్భం 1975లో ఎదురైంది. ఏళ్ల తరబడి అప్పు తీర్చడానికి అప్పు చేస్తూ వచ్చిన న్యూయార్క్‌కు ఆ వసంతంలో బ్యాంకులు తలుపులు మూసివేశాయి. మేయరు ఏబ్రహాం బీమ్, రాష్ట్ర గవర్నరు హ్యూ కేరీ మే నెలలో అధ్యక్షుడు ఫోర్డును కలుసుకొని సహాయం అర్థించారు. ఆయన నిరాకరించాడు. అక్టోబరు 29న, నగరాన్ని ఆదుకొనే బిల్లు ఏది వచ్చినా తిరస్కరిస్తానని బహిరంగంగా ప్రకటించాడు. మర్నాడు ‘డైలీ న్యూస్’ పత్రిక, ఫోర్డు నగరాన్ని చావమన్నాడని పెద్ద అక్షరాలతో శీర్షిక పెట్టింది. ఫోర్డు ఆ మాట అనలేదు. కాని జనం గుర్తుంచుకున్నది ఆ మాటనే.

అడిగేవాడు ముందు తన ఇల్లు చక్కబెట్టుకోవాలన్నది వాషింగ్టన్ వాదన. నగరం అందుకు తలవంచింది. వేలాది ఉద్యోగాలు పోయాయి, జీతాలు స్తంభించాయి, ఆర్థిక వ్యవహారాలపై రాష్ట్ర నియంత్రణ మండలి వచ్చి కూర్చున్నది. శతాబ్దానికి పైగా ఉచితంగా చదువు చెప్పిన నగర విశ్వవిద్యాలయం 1976లో ఫీజు వసూలు చేయసాగింది. చివరకు ఫోర్డు మనసు మార్చుకొని, 1975 డిసెంబరు 9న ఏటా 230 కోట్ల డాలర్ల వరకు అప్పు ఇచ్చే చట్టంపై సంతకం చేశాడు. నగరం ఆ అప్పును వడ్డీతో సహా తీర్చివేసింది. అడిగినది దొరికింది, కాని దాని మూల్యం చాలా వరకు సామాన్యులే చెల్లించారు.

అప్పులలో మూల్యం డాలర్లు. వీధులలో మూల్యం ప్రాణాలు. బడుల దగ్గర అతివేగంగా పోయే వాహనాలను పట్టుకొనే కెమెరాలు పెట్టుకోవడానికి నగరానికి 2013లో రాష్ట్రం అనుమతి ఇచ్చింది, అదీ 20 చోట్లనే. మరుసటి ఏడు ఆ సంఖ్య 140 అయింది. పరిమితిని 10 మైళ్లకు మించి దాటిన బండి యజమానికి 50 డాలర్ల జరిమానా. 2018 జులైలో చట్టం గడువు తీరింది. ఎగువ సభ దానిని పొడిగించకపోవడంతో, ఉన్న కెమెరాలు ఉన్నచోటనే నిరుపయోగమయ్యాయి. బడులు తెరిచే రోజు దగ్గర పడుతుండగా గవర్నరు అత్యవసర ఆదేశం జారీ చేయవలసి వచ్చింది. 2019లో 750 బడి ప్రాంతాలకు అనుమతి లభించింది. అయినా రాత్రివేళ, శని ఆదివారాలలో కెమెరాలు కళ్లు మూసుకోవలసిందే! మరొక మూడేళ్లు అడిగితే గాని, 2022 ఆగస్టు నుండి అవి రాత్రింబవళ్లు పనిచేసే వీలు కలగలేదు.

ఈ పోరాటంలో నగర ఉద్యోగుల కన్న బలంగా మాట్లాడినవారు వీధి ప్రమాదాలలో బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు. 2013 అక్టోబరులో బ్రూక్లిన్‌లో వాహనం ఢీకొని 12 ఏళ్ల బాలుడొకడు మరణించాడు. నగరం తన వీధులలో వేగాన్ని 20 మైళ్లకు తగ్గించుకొనేందుకు అధికారమివ్వాలన్న బిల్లుకు ఆ బాలుని పేరే పెట్టారు. బిల్లు ఏళ్ల తరబడి నానింది. 2023 జూన్‌లో కొందరు తల్లులు ఆల్బనీ శాసనసభా భవనంలో నిరాహార దీక్షకు కూర్చున్నారు. అయినా ఆ సమావేశాలలో దిగువ సభ ఓటింగు జరపలేదు. 2024 వసంతంలో, రాష్ట్ర బడ్జెట్టుతో పాటు ఎట్టకేలకు ఆ బిల్లు చట్టమైంది.

మన దేశంలో 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ నగరపాలికలకు రాజ్యాంగంలో చోటు కల్పించింది. ఆ విధంగా మన నగరాలు న్యూయార్క్ కన్న ఒక మెట్టు పైనున్నట్టే. కాని వాటికి ఏ అధికారాలు బదిలీ చేయాలో నిర్ణయించేది ఇక్కడా రాష్ట్ర శాసనసభలే. రాజ్యాంగంలో చోటు దొరకడం వేరు, చేతికి తాళంచెవి రావడం వేరు.

జనం గుమ్మం ముందున్న వీధి గురించి నిర్ణయించే అధికారం ఆ గుమ్మానికి ఎంత దూరంలో ఉండాలన్నదే అసలు ప్రశ్న. న్యూయార్క్ తల్లిదండ్రులకు ఆ దూరం 240 కిలోమీటర్లు, పదేళ్లకు పైగా కాలం.