పాటకీ ఒక బడి ఉంది



మనం నాట్లు వేస్తూ పాడతాం. ఉయ్యాల ఊపుతూ పాడతాం. పెళ్ళిలో పాడతాం. ఈ పాటలు మనకి ఎవరు నేర్పారు? అమ్మ పాడితే విన్నాం. అమ్మమ్మ పాడితే విన్నాం. వినీ వినీ మనకీ వచ్చాయి. దానికి బడి లేదు. పుస్తకం లేదు.

అయితే పాటకి కూడా బడి ఉంది. ఆ బడిలో తరగతులు ఉంటాయి. పాఠాలు, పరీక్షలు ఉంటాయి. పాసైతే సర్టిఫికెట్ ఇస్తారు. ఈ సంగతి చాలామందికి తెలియదు.

మా కేంద్రంలో ఒక అక్క ఇలా అడిగింది. "మా పిల్ల చక్కగా పాడుతుంది. ఏం లాభం? సంగీతం మనలాంటి వాళ్ళకి వస్తుందా?" మంచి ప్రశ్న. ఈ పాఠం చదివితే జవాబు దొరుకుతుంది.

విజయనగరం సంగీత కళాశాల

మన రాష్ట్రంలో విజయనగరం అనే ఊరు ఉంది. అక్కడ 1919లో ఒక సంగీత కళాశాల మొదలైంది. దాన్ని పెట్టింది విజయనగరం రాజు విజయరామ గజపతిరాజు. రాజుగారి దగ్గర పనిచేసే ఒక ఉద్యోగికి చూపు లేని కొడుకు ఉండేవాడట. ఆ పిల్లవాడికి పాట అంటే ప్రాణం. వాడు సంగీతం నేర్చుకోవడానికే రాజుగారు ఈ బడి పెట్టారని చెబుతారు. ఒక్క పిల్లవాడి కోసం పెట్టిన బడి వేలమందికి ఉపయోగపడింది. 2019 నాటికి దానికి నూరేళ్ళు నిండాయి. ఇప్పుడు అది ప్రభుత్వ కళాశాల.

కళాశాల అన్నామని పెద్ద చదువు చదివిన వాళ్ళకే అనుకోకండి. ఇక్కడ పిల్లలూ నేర్చుకుంటారు, పెద్దలూ నేర్చుకుంటారు.

ఈ కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. కాళ్ళకి గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి, హరికథ చెప్పడంలో ఆయనకి ఆయనే సాటి. తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయన వయొలిన్ వాయించేవారు. ఆయనకి చూపు మందం. ఆయన ఈ కళాశాలకి విద్యార్థిగా చేరడానికి వచ్చారట. వాయించి చూపించమన్నారు. విన్నవాళ్ళు ఆయన్ని విద్యార్థిగా కాదు, ఏకంగా పంతులుగానే పెట్టుకున్నారని చెబుతారు. అప్పుడు ఆయన వయసు 26 ఏళ్ళు.

ఏమేం నేర్పుతారు?

ఇలాంటి ప్రభుత్వ కళాశాలలు విజయవాడలో, హైదరాబాదులో, సికింద్రాబాదులో, వరంగల్లులో కూడా ఉన్నాయి. తిరుపతిలో దేవస్థానం వాళ్ళ కళాశాల ఉంది. వీటిలో నేర్పే కోర్సులు ఇవి:

పాట. దీన్ని గాత్రం అంటారు.
వీణ.
వయొలిన్.
మృదంగం.
నాదస్వరం, డోలు.
నాట్యం.

అన్ని ఊళ్ళలోనూ అన్ని కోర్సులూ ఉండకపోవచ్చు. అడిగి తెలుసుకోవాలి.

మొదటి కోర్సు సర్టిఫికెట్ కోర్సు. దానికి నాలుగేళ్ళు. ఆ తర్వాతది డిప్లొమా కోర్సు. దానికి రెండేళ్ళు. మొత్తం ఆరేళ్ళు. పరీక్ష రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి పాడి గాని వాయించి గాని చూపించాలి. రెండోది కాగితం మీద రాయాలి. అంటే సంగీతానికి కూడా చదువు కావాలన్నమాట. పాటని స్వరాలతో రాసుకోవాలి. రాసింది చూసి పాడాలి.

సంగీతానికీ ఓనమాలు ఉన్నాయి

మనం కేంద్రంలో మొదటి రోజే కథ చదివామా? లేదు. ముందు అక్షరాలు దిద్దాం. తర్వాత గుణింతాలు. తర్వాత చిన్న మాటలు. ఆ తర్వాతే వాక్యాలు. సంగీతం కూడా అంతే.

సంగీతానికి ఏడు స్వరాలు. స, రి, గ, మ, ప, ద, ని. ఇవే దాని అక్షరాలు. మొదటి పాఠం పేరు సరళి స్వరాలు. ఏడు స్వరాలూ మెట్లు ఎక్కినట్టు పైకి పాడాలి. మెట్లు దిగినట్టు కిందికి పాడాలి. దీన్నే నిదానంగా ఒకసారి, రెండింతల వేగంతో ఒకసారి, నాలుగింతల వేగంతో ఒకసారి పాడాలి.

తర్వాత జంట స్వరాలు. ఒక్కో స్వరం రెండేసి సార్లు వస్తుంది. ఆ తర్వాత అలంకారాలు. వీటిలో రకరకాల తాళాలు వస్తాయి. ఆ తర్వాత గీతాలు. ఇవి చిన్న చిన్న పాటలు. ఆ పైన వర్ణాలు, కీర్తనలు. ఈ వరస పెట్టింది పురందరదాసు అని చెబుతారు. ఆయన కన్నడం వారు. సుమారు 500 ఏళ్ళ కిందటి మనిషి. ఇప్పటికీ పిల్లలు ఆ వరసలోనే నేర్చుకుంటున్నారు.

ఇంకో మంచి మాట వినండి. ఈ సంగీతాన్ని కర్ణాటక సంగీతం అంటారు. దీనిలో చాలా కీర్తనలు తెలుగులోనే ఉన్నాయి. త్యాగరాజు గారు ఉన్నది తమిళ దేశంలోని తిరువయ్యారులో. కానీ ఆయన రాసింది ఎక్కువగా తెలుగులోనే. తమిళ పిల్లలు, కన్నడ పిల్లలు మన మాటలు కష్టపడి పలకడం నేర్చుకుంటారు. మన పిల్లలకి ఆ కష్టం లేదు.

తాళం వేసి చూద్దామా?

సరళి స్వరాలు పాడేటప్పుడు చేత్తో తాళం వెయ్యాలి. దాని పేరు ఆది తాళం. ఇప్పుడే వేసి చూడండి.

అరచేత్తో తొడ మీద ఒక దెబ్బ వెయ్యండి. తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు వరసగా లెక్కపెట్టండి. నాలుగు అయ్యాయి. మళ్ళీ ఒక దెబ్బ వేసి అరచెయ్యి వెల్లకిలా తిప్పండి. ఆరు అయ్యాయి. ఇంకోసారి దెబ్బ వేసి తిప్పండి. ఎనిమిది. అంతే! ఆది తాళం వచ్చింది.

ఎనిమిదీ ఒకే కొలతలో పడాలి. ఒకటి ముందు, ఒకటి వెనక పడకూడదు. ఇది మనకి కొత్త కాదు. ఇద్దరు కలిసి ఒకే రోట్లో దంచుతారు. ఒకరి రోకలి లేస్తే ఒకరి రోకలి పడుతుంది. లెక్క తప్పితే రోకళ్ళు కొట్టుకుంటాయి. తాళం మన చేతుల్లో ముందే ఉంది. దానికి పేరు, లెక్క బడిలో నేర్పుతారు.

వాయిద్యాల సంగతి

వీణకి ఏడు తీగలు. నాలుగు తీగల మీద పాట వాయిస్తారు. మూడు తీగలు తాళానికి. వీణ మీద 24 మెట్లు ఉంటాయి. బొబ్బిలి వీణలకి పెద్ద పేరు. బొబ్బిలి విజయనగరం జిల్లాలోనే ఉంది. అక్కడి వడ్రంగులు పనస చెక్కని తొలిచి వీణ చేస్తారు.

వయొలిన్ విదేశాల నుంచి వచ్చింది. దానికి నాలుగు తీగలు. విదేశాల్లో నిలబడో, కుర్చీలో కూర్చునో వాయిస్తారు. మన వాళ్ళు నేల మీద కూర్చుని, దాని కొసని పాదం మీద ఆనించి వాయిస్తారు.

మృదంగాన్ని కూడా పనస చెక్కతో చేస్తారు. రెండు పక్కలా తోలు బిగిస్తారు. కుడి పక్క నల్లటి ముద్ద ఉంటుంది. ఎడమ పక్క వాయించే ముందు తడిపిన రవ్వ అద్దుతారు. అప్పుడు శబ్దం బరువుగా వస్తుంది.

మనలాంటి వాళ్ళకి వస్తుందా?

ఘంటసాల గారి పాట వినని వాళ్ళు ఉన్నారా? ఆయన 1922లో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. సంగీతం నేర్చుకోవాలని విజయనగరం వచ్చారు. చేతిలో డబ్బు లేదు. జోలె పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి అన్నం అడుక్కున్నారు. దాన్ని మధూకరం అంటారు. అలా తింటూ చదువుకున్నారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు అనే గురువు ఆయనకి డబ్బు తీసుకోకుండా పాఠం చెప్పారు. ఆ పిల్లవాడే తర్వాత మన ఇళ్ళన్నిటిలోనూ వినిపించాడు.

పి. సుశీల గారు విజయనగరంలోనే పుట్టారు. ఈ కళాశాలలోనే సంగీతం నేర్చుకున్నారు. తర్వాత సినిమాల్లో ఎన్నో భాషల్లో పాడారు. 2016లో గిన్నిస్ పుస్తకం వాళ్ళు ఆమె పాటలు లెక్క కట్టారు. 17,695 పాటలు! ఆడమనిషి నలుగురిలో పాడితే తప్పు అని ఒకప్పుడు అనేవాళ్ళు. ఇప్పుడు ఆమె పాట లేని పండగ ఉందా?

సంగీతానికి మతం అడ్డం కాదు. షేక్ చినమౌలానా గారిది ఒంగోలు దగ్గర కరవది. ఆయన నాదస్వరంలో దేశమంతా పేరు తెచ్చుకున్నారు. ఆయన శిష్యులు కాలీషాబీ గారు, మహబూబ్ సుభానీ గారు భార్యాభర్తలు. ఇద్దరూ కలిసి నాదస్వరం వాయిస్తారు. నాదస్వరం మగవాళ్ళ పని అనుకునే కాలంలో కాలీషాబీ గారు దాన్ని పట్టారు. ఇద్దరికీ కలిపి 2020లో పద్మశ్రీ వచ్చింది.

కాబట్టి ఆ అక్క ప్రశ్నకి జవాబు ఇది. సంగీతం డబ్బుని చూసి రాదు. కులాన్ని, మతాన్ని చూసి రాదు. గొంతు, చెవి, ఓపిక ఉంటే వస్తుంది.

నేర్చుకుంటే అన్నం పెడుతుందా?

ఉన్నమాట చెప్పుకుందాం. నేర్చుకున్న వాళ్ళందరూ సుశీలమ్మలు కారు. సంగీతం పంతులు ఉద్యోగాలు కొద్దిగానే ఉంటాయి. ఆకాశవాణిలో పాడాలంటే వేరే పరీక్ష ఉంటుంది. పెళ్ళిళ్ళలో, గుళ్ళలో వాయించే వాళ్ళకి ఆ సీజనులోనే పని. ఇంటి దగ్గర పిల్లలకి పాఠం చెప్పి సంపాదించుకునే ఆడవాళ్ళు ఉన్నారు. అందుకే పిల్లని మామూలు బడి మాన్పించకండి. రెండు చదువులూ కలిసి సాగాలి.

ఇంకో సంగతి. రోజూ సాధన చెయ్యాలి. పిల్ల తెల్లవారి లేచి సరళి స్వరాలు పాడుతుంటే, "ఆ గోల ఆపి అంట్లు తోము" అన్నామనుకోండి. అక్కడితో ఆ చదువు ఆగిపోతుంది. మగపిల్లవాడిని చదువుకోమని, ఆడపిల్లని పని చెయ్యమనడం మనం చూస్తున్నదే. రోజుకి ఒక్క గంట పిల్లకి వదిలిపెట్టాలి. ఫీజు కంటే ఆ గంటే కష్టం. ఆ గంట ఇవ్వాల్సింది మనమే.

చేర్పించే ముందు ఇవి అడగండి

1. మా పిల్ల నేర్చుకోవాలనుకున్న కోర్సు ఇక్కడ ఉందా?
2. ఎంత వయసు ఉండాలి? ఎంతవరకు చదివి ఉండాలి?
3. దరఖాస్తు ఏ నెలలో ఇస్తారు?
4. ఫీజు ఎంత? ఎవరికైనా తగ్గిస్తారా?
5. క్లాసు ఏ టైముకి? బడికి అడ్డం వస్తుందా?
6. వాయిద్యం మేమే కొనాలా? మొదట్లో కళాశాలలో ఉన్నదాని మీద నేర్చుకోవచ్చా?
7. ఆడపిల్లలకి హాస్టలు ఉందా?

ఈ ప్రశ్నలు ఒక కాగితం మీద మీ చేత్తో రాసుకోండి. దరఖాస్తు మీరే చదవండి. అర్థం కాని మాట ఉంటే అడగండి. సంతకం మీరే పెట్టండి. వేలిముద్ర వెయ్యాల్సిన పని ఇప్పుడు మనకి లేదు.

ఆలోచించండి, చెప్పండి

1. విజయనగరం సంగీత కళాశాల ఏ సంవత్సరంలో మొదలైంది?
2. సంగీతానికి ఎన్ని స్వరాలు? చదివి వినిపించండి.
3. సర్టిఫికెట్ కోర్సు ఎన్నేళ్ళు? డిప్లొమా ఎన్నేళ్ళు?
4. ఆది తాళం వేసి చూపించండి.
5. మీ అమ్మ పాడిన పాట ఒకటి మీ నోట్సులో రాయండి. మీ తర్వాత ఆ పాట ఎవరు పాడతారు?